బాలింతకు సెలవు ఇచ్చిందెవరు?

పల్లె చరిత్ర – 17వ భాగం



పోయిన భాగంలో మార్కాపురం పలకల గురించి రాశాను. అది చదివి గిద్దలూరు దగ్గర పల్లెలో ఆశా కార్యకర్తగా పనిచేసే ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, బాలింత మనసు బాగుండకపోతే అది బిడ్డ మీద పడుతుందని మాకు ట్రైనింగ్‌లో చెప్తాండారు. బిడ్డ కళ్ళల్లోకి చూడాల, మాట్లాడాల, పాట పాడాల అని తల్లులకు చెప్పమంటాండారు. నిజమే కావచ్చు. కానీ మన వాళ్ళకు చెప్పబోతే తల్లిని తిట్టినట్టు ఉంటాది. ఎట్ల చెప్పాల?" అని అడిగింది.

ఆ చెల్లెలికి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదు ఇది. దీని వెనక 150 ఏళ్ళ చరిత్ర ఉంది. ఈ భాగం మొత్తం ఆ జవాబే. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

*

ముందు మాట నుంచి మొదలుపెడదాం. తెలుగులో 'బాలింత' అనే మాట ఉంది. బిడ్డను కన్న ఆడమనిషి అని మాత్రమే దాని అర్థం కాదు. ఆ మాట వెంట ఒక జాబితా వస్తుంది. పత్యం, కాయం, వేడినీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, చెవులకు గుడ్డ, నులక మంచం, పక్కన కూర్చునే అమ్మ. పచ్చి బాలింత బరువు ఎత్తకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, గాలిలో తిరగకూడదు. ఇందులో కొన్ని మూఢనమ్మకాలు, కొన్ని అనుభవంతో వచ్చిన జాగ్రత్తలు. కానీ అన్నిటికీ సారం ఒకటే. బాలింత అంటే ఒక హోదా. కొన్నాళ్ళు పని నుంచి తప్పుకోవడానికి ఊరంతా ఒప్పుకున్న హోదా.

ప్రశ్న ఏంటంటే, ఆ హోదా ఎవరికి దక్కింది?

ఊళ్ళో భూమి ఉన్న ఇంట్లో కోడలు కాన్పుకు పుట్టింటికి పోయి, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేది. అన్నాళ్ళు ఆ ఇంట్లో పేడ ఎవరు ఎత్తారు? కళ్ళంలో ఎవరు తూర్పారబట్టారు? ఆమె పురిటి గుడ్డలు ఎవరు ఉతికారు? మంత్రసాని పని, మాయ పూడ్చే పని ఏ కులాల ఆడవాళ్ళు చేశారు? ఒక్కో ఊళ్ళో ఒక్కో కులం పేరు వస్తుంది. మంగలి, చాకలి, మాల, మాదిగ. భూమి ఉన్న కులం పేరు మాత్రం ఏ ఊళ్ళోనూ రాదు. ఒక బాలింత మంచం మీద పడుకోవాలంటే, ఇంకో బాలింత మంచం దిగాలి. మన దగ్గర కులం ఆడవాళ్ళ మధ్య పని చేసిన తీరు ఇది.

మా జేజి ఏడుగురిని కని నలుగురిని దక్కించుకుంది. ఆమె చెప్పేది: "పెద్దింట్లో బర్రె ఈనితే నెల దినాలు తవుడు నానబెట్టి పెడ్తాండ్రి. నాకు పదకొండో దినానికే చేనికి రమ్మని కబురొస్తాండె." సంటిబిడ్డను చేని గట్టున తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. కలుపు తీస్తా సాళ్ళ వెంబడి పోతే ఉయ్యాల దూరమయ్యేది. బిడ్డ ఏడుపు వినపడగానే పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. కానీ సాలు చివరికి పోయేదాకా లేవడానికి లేదు. మేస్త్రి చూస్తాంటాడు. రవిక తడిసింది, బిడ్డ ఏడుస్తాంది, తల్లి వంగి కలుపు తీస్తాంది.

ఈ చిత్రం గుర్తుపెట్టుకోండి. ఈరోజు మనస్తత్వ శాస్త్రం 'తల్లీబిడ్డల బంధం' అని దేన్ని అంటుందో, అది సరిగ్గా ఇక్కడే తెగుతుంది, లేదా తెగకుండా నిలబడుతుంది.

*

ఆ శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. కష్టమైనదేమీ కాదు.

పుట్టిన బిడ్డకు భాష లేదు. ఏడుపు ఒక్కటే ఉంది. బిడ్డ ఏడుస్తుంది, ఎవరో ఒకరు వస్తారు. ఎత్తుకుంటారు, పాలిస్తారు, ముఖంలోకి చూసి ఏదో ఒకటి అంటారు. బిడ్డ ఊరుకుంటుంది. మొదటి ఏడాదిలో ఇది కొన్ని వేల సార్లు జరుగుతుంది. అన్నిసార్లు జరిగాక బిడ్డకు ఒక నమ్మకం కుదురుతుంది: నేను పిలిస్తే పలికేవాళ్ళు ఉన్నారు. తర్వాత జీవితంలో భయాన్ని, కోపాన్ని, దుఃఖాన్ని ఆపుకునే శక్తికి పునాది ఆ నమ్మకమే.

బ్రిటన్‌లో జాన్ బౌల్బీ అనే డాక్టర్ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం దీని మీద ఒక నివేదిక రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తల్లులకు దూరమైన పిల్లల్ని చూసి రాసిన నివేదిక అది. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ ఒక చిన్న ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూడాలి. అంతే. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది. తల్లి ముఖం కదలకపోతే గాబరా పడుతుంది. చివరికి తల తిప్పేసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

ఆ ముఖం నిమిషాలు కాదు, నెలలు కదలకపోతే? కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అంటే అదే. తల్లికి నిద్ర పట్టదు, ఆకలి కాదు, బిడ్డను చూస్తే ఏమీ అనిపించదు, బతకాలనిపించదు. మన పల్లెల్లో దీన్ని 'గాలి సోకింది' అన్నారు, 'సన్ని' అన్నారు, 'దయ్యం పట్టింది' అన్నారు. తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టారు. జబ్బు అని మాత్రం అనలేదు. అటువంటి తల్లుల పిల్లల్లో బరువు పెరగకపోవడం, మాట ఆలస్యం కావడం, పెద్దయ్యాక దిగులు, భయం, మొండితనం ఎక్కువగా కనపడతాయని దేశదేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అందరు పిల్లలకూ అలా జరగదు. పిలిస్తే పలికే మనిషి ఇంకొకరు ఇంట్లో ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు. అది కూడా శాస్త్రమే చెబుతుంది.

ఇక్కడ ఒక మోసం జరిగింది. బౌల్బీ పేరు చెప్పి ఎంతోమంది 'తల్లి ఇల్లు వదిలి పనికి పోకూడదు' అని బోధించారు. కానీ అదే నివేదికలో ఆయన ఇంకో మాట కూడా రాశాడు. బిడ్డ తల్లిదండ్రుల మీద ఎలా ఆధారపడుతుందో, తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం సమాజం మీద అలా ఆధారపడతారని, పిల్లలు కావాలనుకునే సమాజం ముందు వాళ్ళ తల్లిదండ్రులను కాపాడుకోవాలని దాని సారాంశం. మొదటి సగాన్ని తల్లులకు ఉపదేశం చేశారు. రెండో సగం ప్రభుత్వానికి చెప్పాల్సింది. దాన్ని మడిచి పక్కన పెట్టారు.

*

ఇప్పుడు మన నేలకు వద్దాం. గిద్దలూరు, కంభం, మార్కాపురం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. తర్వాత ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. అందుకే మన పాత చరిత్ర వెతకాలంటే కర్నూలు లెక్కల్లో వెతకాలి.

1876లో ధాత కరువు మొదలైంది. ఈశ్వర నామ సంవత్సరం దాటి 1878 దాకా సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కల్లో జిల్లాలో 9,14,432 మంది ఉన్నారు. 1881లో 6,78,551 మంది మిగిలారు. చచ్చిపోయినవాళ్ళు, ఊళ్ళు వదిలిపోయినవాళ్ళు, పుట్టాల్సి ఉండి పుట్టనివాళ్ళు అందరూ కలిసి నాలుగో వంతు మనుషులు. భూమి లేని కులాలు ముందు పోయాయని వేరే చెప్పక్కర్లేదు. గాదె ఉన్నవాడు గాదె చూసుకున్నాడు, గంప ఉన్నవాళ్ళు కరువు పనికి పోయారు.

ఆ కరువు పనికి కూలి ఎంత? 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర ఒక లెక్క కట్టాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. ఆడవాళ్ళకు అంతకంటే తక్కువ. ఆ తిండితో పనిచేస్తే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఆ తగాదా వల్ల కొన్ని నెలలకు కూలి కొంచెం పెరిగింది. ఆ కాలంలో విలబీ హూపర్ తీసిన ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో తల్లులు ఉన్నారు. ఎముకల గూడు లాంటి రొమ్మును పట్టుకుని ఎముకల గూడు లాంటి బిడ్డలు ఉన్నారు.

కరువు గురించి రాసినవాళ్ళు చచ్చినవాళ్ళను లెక్కపెట్టారు. బతికినవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. 1878లో పాలు లేని రొమ్ముతో బిడ్డను పెంచిన తల్లి ఎలాంటి ముఖంతో ఆ బిడ్డను చూసి ఉంటుంది? ఆ బిడ్డ పెద్దదై తన బిడ్డను ఎలా ఎత్తుకుని ఉంటుంది? మన ముత్తవ్వలు 'ఎక్కువ మాట్లాడని మనుషులు' అని ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. ఆ మౌనం వాళ్ళ స్వభావం అనుకున్నాం. నాకు మాత్రం అది ఆ కరువు ఇంట్లో వదిలిపోయిన జాడలా కనపడుతుంది.

*

బిడ్డ కన్న కూలి తల్లికి విశ్రాంతి హక్కు అని ఈ దేశపు చట్టసభల్లో మాట్లాడింది ఎవరు? ఇది మన పిల్లలకు బళ్ళో చెప్పరు, కాబట్టి రాస్తున్నాను.

1924లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి భృతి బిల్లు పెట్టారు. అది ఓడిపోయింది. తర్వాత బొంబాయి శాసనమండలిలో అటువంటి బిల్లే వచ్చినప్పుడు, 1928 జులై 28న బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి దాన్ని సమర్థించారు. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే లాభం. అందుకే ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలి. అయితే ఆడవాళ్ళతో పని చేయించుకుని లాభపడేది యజమాని కాబట్టి, యజమాని చేత కట్టించడంలో కూడా తప్పు లేదు. జాలి మీద, దానం మీద ఆధారపడిన వాదన కాదిది. తల్లి చేసే పనికి లెక్క కట్టిన వాదన. ఆ బిల్లు 1929లో చట్టమైంది. మన మద్రాసు రాష్ట్రంలో 1934లో ప్రసూతి చట్టం వచ్చింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు గని కార్మికురాళ్ళ ప్రసూతి చట్టానికి కూడా బాబాసాహెబ్ సవరణలు తెచ్చారు.

స్వతంత్రం వచ్చాక 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం చేశారు. ఫ్యాక్టరీలు, గనులు, తోటలు దాని కిందికి వచ్చాయి. తోటలంటే టీ, కాఫీ, రబ్బరు తోటలు. మన కంది చేను, మిరప చేను కాదు. 1973లో సర్కస్ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళను చేర్చారు. మంచిదే. 1988లో పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే దుకాణాలను చేర్చారు. 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది పెట్టాలన్నారు. అదే చట్టంలో 11వ సెక్షన్ ఉండేది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా తల్లికి రోజూ రెండుసార్లు పాలిచ్చుకునే విరామం ఇవ్వాలి.

పాలిచ్చుకునే విరామం! రవిక తడుపుకుంటా సాలు చివరికి నడిచిన తల్లికి ఆ సెక్షన్ వర్తించలేదు. ఈ దేశంలో ఎక్కువమంది ఆడకూలీలు చేసే వ్యవసాయం పని ఆ చట్టంలో లేదు. వ్యవసాయ కూలి ఆడవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. 'ఎస్సీలకు ఇవ్వకూడదు' అని చట్టంలో ఎవరూ రాయలేదు. రాయాల్సిన పని లేదు. పొలాన్ని వదిలేస్తే చాలు, మనం దానంతట అదే బయట ఉంటాం.

ఆ లోటు పూడ్చడానికి 2013 ఆహార భద్రత చట్టం 4వ సెక్షన్‌లో ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాశారు. 2017లో వచ్చిన మాతృ వందన యోజన దాన్ని మొదటి కాన్పుకు మాత్రమే, 5,000 రూపాయలు అని కుదించింది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 అన్నారు. లెక్క వేద్దాం. ఉద్యోగం ఉన్న తల్లికి 26 వారాలు పూర్తి జీతం. కూలి తల్లికి అదే 26 వారాలకు 5,000 రూపాయలంటే రోజుకు 28 రూపాయలు కూడా పడదు. 28 రూపాయలు తీసుకుని ఇంట్లో కూర్చుని బిడ్డ కళ్ళల్లోకి చూడమంటున్నాం. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

*

తల్లి చేనికి పోతే బిడ్డ దగ్గర ఎవరు ఉన్నారు? మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు. జేజి, అక్క.

జేజి గురించి ముందు చెప్పుకుందాం. బిడ్డకు తల్లి ఒక్కతే దిక్కు అనే లెక్క మన పల్లెల్లో ఎప్పుడూ లేదు. బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఈ బంధం మీద మొదటి పెద్ద పరిశీలన చేసింది లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు. 1954–55లో ఆఫ్రికాలోని ఉగాండా పల్లెల్లో. తోట పని చేసుకునే తల్లుల ఇళ్ళల్లో కూర్చుని చూసింది. అక్కడి పిల్లలు తల్లితో పాటు తండ్రితో, అవ్వతో, అక్కలతో కూడా బంధం కట్టుకున్నారని రాసింది. అంటే పనిచేసే తల్లి బిడ్డకు బంధం తెలియదనేది అబద్ధం. శాస్త్రం పుట్టిందే అటువంటి తల్లుల వాకిట్లో. కూలికి పోయిన మన తల్లులు మనల్ని ప్రేమించలేదని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

కానీ జేజి కూడా కూలికి పోవాల్సి వస్తే? అప్పుడు అక్క. ఆరేళ్ళ అక్క, ఎనిమిదేళ్ళ అక్క. చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని బడి గోడ దగ్గర నిలబడి లోపలికి చూసే అక్క. మార్కాపురం పలకల పరిశ్రమలో పిల్లలు పనిచేస్తున్నారని 1987 జాతీయ బాలకార్మిక విధానం తర్వాత అక్కడ ప్రత్యేక ప్రాజెక్టు పెట్టారు. దేశంలో ఆ ప్రాజెక్టులు మొదట వచ్చిన చోట్లలో మార్కాపురం ఒకటి. పలక రుద్దే పిల్ల కనపడింది, మంచిదే. తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల ఎవరికీ కార్మికురాలిగా కనపడలేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1990లలో పట్టుబట్టి చెప్పాకే ఆ అక్కలు కొంతైనా లెక్కలోకి వచ్చారు.

ఇందులో ఒక గొలుసు ఉంది చూడండి. తల్లికి బాలింతరికం దక్కలేదు కాబట్టి అక్క బడి పోయింది. బడి పోయింది కాబట్టి అక్కకు చిన్నప్పుడే పెళ్ళయింది. పదిహేడేళ్ళకు తల్లి అయింది. తన బాల్యంలో ఎత్తుకుని ఎత్తుకుని నడుము పడిపోయిన పిల్ల మళ్ళీ తన బిడ్డను ఎత్తుకుంది. ఆమె ముఖంలో నవ్వు లేదని ఇప్పుడు ట్రైనింగ్‌లో చెబుతున్నారు.

అంగన్‌వాడీ లేదా అని అడుగుతారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం ఎంతో మేలు చేసింది. కాదనను. కానీ అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండిన పిల్లల్ని. మూడేళ్ళ లోపు పిల్లలకు ఇంటికి తీసుకుపోయే పిండి, పాలు, గుడ్లు. బంధం కట్టుకునే వయసు ఏది? ఆ మొదటి మూడేళ్ళే. సరిగ్గా ఆ మూడేళ్ళు బిడ్డను పగలు చూసుకునే ఏర్పాటు పల్లెలో లేదు. ఉపాధి హామీ చట్టంలో ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పనికాడికి వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషికి కూలి ఇచ్చి పెట్టాలని రాశారు. మంచి మాట. నేను తిరిగిన పనుల్లో నీడకు పరదా కట్టింది కొన్నిచోట్ల చూశాను. పిల్లల కోసం పెట్టిన మనిషిని చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక సంక్రాంతి దాటాక మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. మిరప కోతలకు గుంటూరు వైపు రైళ్ళు, లారీలు, ఆటోలు. సంటిబిడ్డను తీసుకుపోతే కల్లాల ఘాటులో దగ్గుతుంది. వదిలిపోతే పాలు ఆగిపోతాయి. ఈ రెండిట్లో ఏది మంచిదో ఏ డాక్టరు చెప్పగలడు?

*

ఇదంతా నా ఊహ కాదని చెప్పడానికి కొన్ని లెక్కలు.

'యంగ్ లైవ్స్' అనే అంతర్జాతీయ అధ్యయనం 2002లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఇథియోపియా, పెరూ, వియత్నాంలలో మొదలైంది. ఒక్కో దేశంలో ఏడాది అటూ ఇటూ వయసున్న దాదాపు 2,000 మంది బిడ్డల్ని, వాళ్ళ తల్లుల్ని కలిశారు. మన రాష్ట్రంలో కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం లాంటి జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. మన తల్లుల్లో దాదాపు 30 శాతం మందిలో డిప్రెషన్, ఆందోళన లక్షణాలు కనపడ్డాయి. ఆ తల్లుల బిడ్డల్లో ఎదుగుదల లోపం ఎక్కువ. పేదరికం లెక్క తీసేసి చూసినా మన దగ్గర ఆ తేడా మిగిలింది.

అదే కాలంలో గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చూస్తే కాన్పయిన తల్లుల్లో 23 శాతం మందికి డిప్రెషన్. కారణాలు ఏంటి? తిండికి ఇబ్బంది, మొగుడి దెబ్బలు, మగబిడ్డ కావాలనుకున్న ఇంట్లో ఆడబిడ్డ పుట్టడం. తమిళనాడులో వేలూరు పల్లెల్లో చూసినా కారణాలు దాదాపు ఇవే. ఒక్కటి కూడా తల్లి స్వభావం కాదు. అన్నీ ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెకు చేసినవి.

ఈ జబ్బు తగ్గుతుందా? తగ్గుతుంది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో డాక్టర్ అతిఫ్ రెహమాన్ బృందం ఒక పని చేసింది. పెద్ద డాక్టర్లను పంపలేదు. మన ఆశాల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇంటికి పంపింది. కూర్చుని వినడం, ఆలోచనల చిక్కు విప్పడం, అత్తనూ మొగుణ్ణీ కూడా పిలిచి మాట్లాడడం. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. అందనివాళ్ళలో 53 శాతం. 2008లో వచ్చిన ఈ ఫలితం చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని అన్ని దేశాలకూ సిఫారసు చేసింది.

మన పక్కనే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డల వార్డు ఉంది. మానసిక జబ్బు చేసిన బాలింతను బిడ్డతో సహా చేర్చుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ కూడా మూడేళ్ళ లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి విడదీయకూడదని చెబుతుంది. తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరుతో 1987లోనే 300 రూపాయలతో మొదలైన ప్రసూతి సాయం 2018 నాటికి 18,000 అయింది. ఉద్యోగం ఉందా అని అడగకుండా పేద తల్లికి ఇస్తారు. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు. చేసినవాళ్ళు ఉన్నారు.

*

కాబట్టి చెల్లెలా, నువ్వడిగినదానికి నా జవాబు ఇదీ.

తల్లులకు చెప్పు. బిడ్డతో మాట్లాడడం మంచిదని చెప్పు, మన అవ్వలు లాల పోస్తా చేసింది అదేనని చెప్పు. అది తెలివి తక్కువవాళ్ళకు పట్నం నుంచి తెచ్చిన పాఠం కాదు. మనసు బాగలేకపోతే అది దయ్యం కాదు, జబ్బు అని చెప్పు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారని, డబ్బు కట్టక్కర్లేదని చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందని ఏ బాలింత అన్నా, బిడ్డ ఎవరిదో అన్నట్టు చూస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపో.

కానీ తల్లితో ఆగొద్దు. మొగుడికి చెప్పు: కొట్టిన చేత్తో బిడ్డ భవిష్యత్తునూ కొడుతున్నావని. అత్తకు చెప్పు: ఆడబిడ్డ పుట్టిందని మూతి తిప్పితే ఆ బిడ్డ పాలు తగ్గుతాయని. ఈ రెండు మాటలు మన పల్లెలో మనమే చెప్పుకోవాలి. మనువు వచ్చి కొట్టడం లేదు, మన మగవాళ్ళే కొడుతున్నారు.

మిగతాది ప్రభుత్వాన్ని అడగాలి. పొలం కూలి తల్లికి 26 వారాల కనీస కూలి, ఎన్నో కాన్పు అని అడగకుండా. ప్రతి పల్లెలో మూడేళ్ళ లోపు పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రం, అందులో పనిచేసే మన ఆడవాళ్ళకు గౌరవ వేతనం కాదు, జీతం. ఆశాలకు ఇంకో రిజిస్టరు కాదు, రావల్పిండి లాంటి శిక్షణ, దానికి తగిన డబ్బు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా మానసిక వైద్యుడు.

వచ్చే ఏప్రిల్ 14న గిద్దలూరు, కంభం, మార్కాపురం మండలాల్లో విగ్రహాలకు దండలు వేస్తారు. ప్రతి మైకులోనూ రిజర్వేషన్ల గురించి, రాజ్యాంగం గురించి మాట్లాడతారు. మాట్లాడాలి. ఈసారి ప్రతి సభలో ఒక్కరైనా 1928 జులై 28 గురించి కూడా మాట్లాడండి. ఆ మాట మాట్లాడే మైకు ఒక కూలి తల్లి చేతికి ఇవ్వండి. మండల ఆఫీసులో ఇచ్చే అర్జీలో బాలింత కూలి మొదటి డిమాండుగా రాయండి. అర్జీ నమూనా నేను రాసి పెడతాను, మీ ఊరి పేరు వేసుకోండి.

వచ్చే భాగంలో మన మంత్రసానుల చరిత్ర. మీ ఊళ్ళో పాత మంత్రసాని అవ్వలు బతికి ఉంటే, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి పంపండి.

జై భీమ్.